ఎమే ఫెలిక్స్ చిఫెలీ

ఎమే ఫెలిక్స్ చిఫెలీ (1895 మే 7 - 1954 జనవరి 5) స్విట్జర్లాండులో జన్మించి, అర్జెంటీనాలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన రచయిత, అశ్వయాత్రికుడు. 1925 - 1928 మధ్య మాంచా, గాటో అనే రెండు గుర్రాలతో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ నుండి అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజధాని వాషింగ్టన్ వరకు ప్రయాణించి ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. సుదూర గుర్రపు స్వారీ చరిత్రలో అత్యంత ప్రసిద్ధమైన యాత్రలలో ఇది ఒకటి. యాత్ర మొదలుపెట్టేనాటికే ఆ గుర్రాల వయసు పదిహేనేళ్ళు దాటింది. అయినా రెండూ ఆరోగ్యంగా స్వదేశం తిరిగివచ్చి, మరెన్నో ఏళ్ళు జీవించాయి. వేగం కంటే గుర్రం క్షేమమే ఓర్పుకు అసలైన కొలమానమని ఈ యాత్ర లోకానికి చూపింది. నిరాదరణకు గురవుతున్న క్రియోయో అనే దక్షిణ అమెరికా గుర్రపు జాతికి గౌరవం తెచ్చిపెట్టింది.

తొలి జీవితం

చిఫెలీ స్విట్జర్లాండులో పుట్టి పెరిగాడు. యువకుడుగా ఉన్నపుడు ఇంగ్లాండు వెళ్ళి అక్కడ ఉపాధ్యాయ వృత్తి చేపట్టాడు. ఫుట్‌బాల్, బాక్సింగ్ క్రీడలలో కూడా పాల్గొన్నాడు. తరువాత అర్జెంటీనాకు వెళ్ళి, బ్యూనస్ ఎయిర్స్ సమీపంలోని కిల్మెస్ పట్టణంలో ఆంగ్ల మాధ్యమంలో నడిచే సెయింట్ జార్జ్ కళాశాలలో ఉపాధ్యాయుడుగా చేరాడు. సెలవులలో పంపా మైదానాలలో స్వారీ చేస్తూ, గాచోలు అని పిలువబడే అక్కడి పశుపాలకుల జీవితాన్ని, వారి గుర్రాలను దగ్గరగా గమనించాడు.

బడిలో ఏటేటా ఒకే విధంగా సాగే జీవితం ఆయనకు విసుగు పుట్టించింది. ఉత్తర అమెరికా వరకు గుర్రంపై వెళ్ళాలన్న ఆలోచన ఆయన మనసులో చాలాకాలం నుండి ఉండేది. ముప్పై ఏళ్ళ వయసు సమీపిస్తున్నపుడు ఉద్యోగం వదలి ఆ ఆలోచనను అమలు చేయడానికి పూనుకున్నాడు. అప్పటికి ఆయన అనుభవజ్ఞుడైన సాహస యాత్రికుడేమీ కాదు. ఈ ప్రయత్నాన్ని పలువురు అసాధ్యమని కొట్టివేశారు. పత్రికలలో పరిహాసాలు కూడా వచ్చాయి.

క్రియోయో గుర్రాలు

16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు తమతో దక్షిణ అమెరికాకు గుర్రాలను తెచ్చారు. 1536లో పెడ్రో డి మెండోసా నెలకొల్పిన మొదటి బ్యూనస్ ఎయిర్స్ స్థావరాన్ని కొద్దికాలానికే వదలివేయవలసి వచ్చింది. అక్కడ మిగిలిపోయిన గుర్రాలు, ఆ తరువాత వచ్చినవి పచ్చిక మైదానాలలో స్వేచ్ఛగా తిరుగుతూ విస్తరించాయి. ఎండ, చలి, కరువు, క్రూరమృగాలు - వీటన్నిటినీ తట్టుకొన్నవే మిగిలాయి. ఈ విధంగా పొట్టిగా, దృఢంగా ఉండి తక్కువ మేతతో బతకగల జాతి ఏర్పడింది. దీనినే క్రియోయో అంటారు.

19వ శతాబ్దంలో అర్జెంటీనా భూస్వాములు ఐరోపా నుండి పొడవైన, అందమైన గుర్రాలను దిగుమతి చేసుకొని స్థానిక గుర్రాలతో సంకరం చేయసాగారు. ఫలితంగా మేలైన క్రియోయో గుర్రాలు అరుదైపోయాయి. ఈ జాతిని కాపాడడానికి కృషి చేసినవారిలో ముఖ్యుడు ఎమిలియో సొలానెట్ (1887 - 1979). ఈయన పశువైద్యుడు, ఆచార్యుడు. బ్యూనస్ ఎయిర్స్ రాష్ట్రంలోని అయకూచో వద్ద ఎల్ కార్డాల్ అనే పశుక్షేత్రానికి యజమాని. 1911లో దక్షిణాన పటగోనియా ప్రాంతానికి వెళ్ళి, అక్కడి తెహువెల్చే ఆదివాసుల వద్ద సంకరం కాని గుర్రాలను ఎంపిక చేసి కొన్నాడు. క్రియోయో జాతి లక్షణాలను నిర్ణయించడంలోనూ, 1923లో పెంపకందారుల సంఘం ఏర్పడడంలోనూ ఈయన పాత్ర ముఖ్యమైనది. అయితే ఈ గుర్రాల గొప్పదనం గురించి చెప్పిన మాటలను నమ్మించడానికి తిరుగులేని నిదర్శనం ఒకటి కావలసివచ్చింది. చిఫెలీ తన ఆలోచనతో సొలానెట్‌ను ఆశ్రయించినపుడు, ఆయన రెండు గుర్రాలను ఉచితంగా ఇచ్చాడు.

మాంచా, గాటో

స్పానిష్ భాషలో మాంచా అంటే మచ్చ, గాటో అంటే పిల్లి. మాంచా ఎర్రని ఒంటిపై పెద్ద పెద్ద తెల్లని మచ్చలున్న గుర్రం. గాటోది ఇసుక వన్నె. రెండూ పటగోనియాలో తెహువెల్చేల వద్ద పెరిగాయి. ఎల్ కార్డాల్‌కు వచ్చేటపుడే మందతో కలిసి వెయ్యి మైళ్ళకు పైగా నడిచివచ్చాయి. స్వారీకి లొంగదీయడానికి కష్టమైన మొండి గుర్రాలుగా వీటికి పేరుండేది.

వీటి స్వభావాలు వేరువేరు. మాంచాకు అప్రమత్తత ఎక్కువ. కొత్తవారిని దగ్గరకు రానిచ్చేది కాదు. చిఫెలీ తప్ప మరొకరు ఎక్కితే సహించేది కాదు. తోడు గుర్రంపై పెత్తనం చేసేది. గాటో నెమ్మదైనది, చెప్పినట్లు నడుచుకొనేది. ప్రమాదకరమైన నేలను పసిగట్టడంలో మాత్రం దానికి అసాధారణమైన నేర్పు ఉండేది.

బ్యూనస్ ఎయిర్స్‌కు తెచ్చి గుర్రపుసాలలో కట్టినపుడు, ఎదుట వేసిన మంచి దాణాను ఇవి ముట్టలేదు. పడుకోవడానికి పరచిన ఎండుగడ్డినే మేశాయి. నగరాన్ని చూసి బెదిరిన ఈ ముసలి గుర్రాలు ఖండాలు దాటగలవని అప్పట్లో ఎవరూ ఊహించలేదు.

యాత్ర

బయలుదేరడం

1925 ఏప్రిల్‌లో చిఫెలీ బ్యూనస్ ఎయిర్స్ నుండి బయలుదేరాడు. ఒక గుర్రంపై తాను ఎక్కి, రెండవ దానిపై సామాను వేసేవాడు. గుర్రాలను మార్చుకుంటూ వెళ్ళేవాడు. బరువు తగ్గించడం కోసం గుడారం కూడా తీసుకువెళ్ళలేదు. రాత్రిపూట పాంచో అనే దుప్పటిలాంటి వస్త్రమే ఆధారం. తుపాకులు, పటాలు, కొద్దిపాటి వంటసామగ్రి మాత్రమే వెంట ఉన్నాయి. మొదట తోడుగా తీసుకొన్న కుక్క, గుర్రం తన్నడంతో గాయపడగా దానిని దారిలోనే వదలవలసి వచ్చింది.

రొసారియో, శాంటియాగో డెల్ ఎస్టెరో, హుహుయ్ మీదుగా ఉత్తరానికి సాగి ఉమవాకా లోయ గుండా బొలీవియా సరిహద్దు చేరాడు. మైదానాలలో పెరిగిన గుర్రాలు అక్కడి నుండి ఆండీస్ పర్వతాలను ఎక్కవలసి వచ్చింది.

ఆండీస్ పర్వతాలు

బొలీవియాలో పొటోసీ, లా పాజ్ నగరాల మీదుగా యాత్ర సాగింది. పొటోసీ తరువాత దాటిన ఎల్ కాండోర్ కనుమ ఎత్తు 5,900 మీటర్లని అర్జెంటీనా రచనలు పేర్కొంటాయి. ఆ ఎత్తున గాలి పలుచగా ఉండి మనుషులు, జంతువులు కూడా ఊపిరి అందక బాధపడతారు. ముక్కు నుండి రక్తం కారడం, తలనొప్పి, కళ్ళు తిరగడం సాధారణం. చిఫెలీ ఇలాంటి చోట్ల గుర్రాలను పరుగెత్తించేవాడు కాదు. ఏటవాలు దారులలో తాను దిగి నడిచేవాడు.

టిటికాకా సరస్సు దాటి పెరూలోని కుస్కో చేరాడు. కుస్కో నుండి అయకూచో పట్టణానికి (ఇది సొలానెట్ పశుక్షేత్రమున్న అయకూచో కాదు) వెళ్ళే దారి యాత్ర మొత్తంలో అత్యంత ప్రమాదకరమైన భాగాలలో ఒకటి. ఒకచోట గాటో కాలుజారి కొండ అంచు నుండి కిందికి దొర్లింది. అదృష్టవశాత్తు ఒక చెట్టు అడ్డుపడడం వలన లోయలో పడకుండా ఆగింది. జీను, సామాను విప్పి తాళ్ళతో దానిని పైకి లాగవలసి వచ్చింది. ఇంకొకచోట తాళ్ళు, తీగెలతో అల్లిన ఊగులాడే వంతెనపై గుర్రాలను ఒక్కొక్కటిగా నడిపించాడు. నడిమికి వచ్చేసరికి వంతెన బాగా ఊగేది. అలాంటపుడు గుర్రాలు కదలకుండా నిలబడి, ఊపు తగ్గిన తరువాతే అడుగు ముందుకు వేశాయి.

మరొక సందర్భంలో గాటో ఉన్నట్టుండి ఆగిపోయి, ఎంత అదిలించినా ముందుకు కదలలేదు. పైకి అది మామూలు నీటిగుంటలాగానే కనిపించింది. అటుగా వచ్చిన ఒక ఆదివాసి అది లోతైన ఊబి అని చెప్పి వేరే దారి చూపాడు. ఆ తరువాత గుర్రం వెనుకాడినచోట దానిని బలవంతపెట్టకపోవడం చిఫెలీకి నియమమైపోయింది.

ఎడారి, నదులు, అడవులు

పర్వతాలు దిగి లిమా నగరం చేరిన తరువాత పరిస్థితి పూర్తిగా మారిపోయింది. చలి స్థానంలో పెరూ తీరపు ఇసుక ఎడారుల వేడి ఎదురైంది. ఈ ఎడారులలో ఒకదానికి స్పానిష్‌లో గుర్రాలను చంపేది అని అర్థం వచ్చే మటకబాయో అనే పేరుంది. గుర్రాలపై నీరు మోయించితే ఆ బరువు వలన కలిగే అలసటే నీటి వలన కలిగే మేలు కంటే ఎక్కువని చిఫెలీ నిర్ణయించుకొన్నాడు. అందుచేత నీరు మోయించకుండా, చల్లని వేళలలో నడిచి, వీలైనంత త్వరగా తదుపరి నీటివసతికి చేరే పద్ధతిని అనుసరించాడు. అదే తీరంలో వరదతో పొంగుతున్న శాంటా నదిని, రేవు లోతుపాతులు తెలిసిన స్థానికుని సాయంతో దాటాడు.

ఈక్వడార్‌లో మళ్ళీ పర్వతాలెక్కి కీటో నగరం మీదుగా భూమధ్యరేఖను దాటాడు. వేడి లోయలలో రాత్రిపూట రక్తం పీల్చే గబ్బిలాలు గుర్రాలను కరిచేవి. దోమలు, పిడుదులు నిత్యం వేధించేవి. కొలంబియాలో పాస్టో, కాలి, మెడెయిన్ మీదుగా ఉత్తర తీరంలోని కార్టహేనా రేవు చేరాడు. కొలంబియా, పనామాల మధ్య ఉన్న డారియెన్ చిత్తడి అడవులలో గుర్రాలు వెళ్ళే దారి లేదు. అందువలన అక్కడి నుండి పనామాకు ఓడలో వెళ్ళాడు.

మధ్య అమెరికా, మెక్సికో

పనామా కాలువ దాటి, దట్టమైన అడవుల గుండా కోస్టారికా చేరాడు. అప్పట్లో నికరాగువాలో అంతర్యుద్ధం జరుగుతున్నందున ఆ దేశాన్ని తప్పించి, గుర్రాలను ఓడలో ఎల్ సాల్వడోర్‌కు చేర్చాడు. అక్కడి నుండి గ్వాటెమాలా మీదుగా మెక్సికోలో ప్రవేశించాడు.

మెక్సికో దక్షిణ సరిహద్దు ప్రాంతంలో గాటో ఒక కంచరగాడిద తన్ను తిని తీవ్రంగా గాయపడింది. కాలు నయం కాకుండానే దానిని నడిపించడానికి చిఫెలీ ఒప్పుకోలేదు. గాటోను రైలులో మెక్సికో నగరానికి పంపి, తాను మాంచాతో ప్రయాణం కొనసాగించాడు. ఆ కాలంలో మెక్సికోలో ప్రభుత్వానికి, క్రిస్టెరో తిరుగుబాటుదారులకు మధ్య పోరాటం జరుగుతోంది. దారిదోపిడీలు కూడా ఎక్కువ. అందుచేత పలుచోట్ల సైనికులు ఆయనకు రక్షణగా వచ్చారు. మెక్సికో నగరంలో ప్రజలు ఘనస్వాగతం పలికారు. అక్కడే కోలుకొన్న గాటో తిరిగి వారితో కలిసింది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలు

లరేడో వద్ద టెక్సస్ రాష్ట్రంలో ప్రవేశించిన తరువాత కొండలు, ఎడారుల ప్రమాదాలు ముగిసి, మోటారు కార్ల ప్రమాదం మొదలైంది. రద్దీగా ఉండే రహదారులపై రెండు గుర్రాలను నడపడం నానాటికీ కష్టమైంది. సెయింట్ లూయిస్ నగరంలో గాటోను వదలి, మాంచాతో మాత్రమే తూర్పునకు సాగాడు. ఆ దారిలో ఒక కారు నడిపే వ్యక్తి కావాలనే దూసుకువచ్చి మాంచాను గాయపరచాడు. ఆండీస్ లోయలను దాటిన గుర్రం నున్నని తారురోడ్డుపై ప్రాణాపాయానికి లోనుకావడం చిఫెలీని కలచివేసింది.

1928 ఆగస్టు చివరలో ఆయన వాషింగ్టన్ చేరాడు. అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ ఆయనను శ్వేతసౌధంలో కలుసుకొన్నాడు. సెప్టెంబరు 20న న్యూయార్క్ చేరాడు. నగర మేయర్ జిమ్మీ వాకర్ స్వాగతం పలికాడు.

యాత్ర మొత్తం దూరం సుమారు 10,000 మైళ్ళు (16,000 కిలోమీటర్లు) అని ఆంగ్ల రచనలలో, 21,500 కిలోమీటర్లని అర్జెంటీనా రచనలలో కనిపిస్తుంది. మూడు సంవత్సరాలకు పైగా పట్టిన ఈ ప్రయాణంలో సముద్రంపై సాగిన భాగాలు, గుర్రాల విశ్రాంతి కోసం, గాయాలు మానడం కోసం ఆగిన వారాలు, నెలలు కూడా ఉన్నాయి.

యాత్రా విధానం, దాని ప్రాముఖ్యత

చిఫెలీకి ముందు సుదూర స్వారీ అంటే ఎక్కువగా సైనికుల పోటీ. 1892లో జర్మనీ, ఆస్ట్రియా-హంగేరీ సైనికాధికారుల మధ్య బెర్లిన్, వియన్నా నగరాల నడుమ జరిగిన పందెం ఇందుకు ఉదాహరణ. దాదాపు 580 కిలోమీటర్ల ఆ దూరాన్ని విజేత మూడు రోజులలోపే పూర్తిచేశాడు. కాని అందులో పాల్గొన్న గుర్రాలు అనేకం అలసటతో మరణించాయి. దీనిపై ఐరోపాలో తీవ్ర విమర్శలు వచ్చాయి.

చిఫెలీ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నమైనది. ఎక్కువ దూరం నడకతోనే సాగడం, స్వారీ గుర్రాన్ని, సామాను గుర్రాన్ని మార్చుకోవడం, ఎక్కుడు దారులలో దిగి నడవడం, తనకంటే ముందు గుర్రాలకు మేత, నీరు చూడడం, గాయపడినపుడు ఆగిపోవడం ఇందులో ముఖ్యాంశాలు. ఊరు చేరగానే ఆయన మొదట వెదకినది తనకు బసను కాదు, గుర్రాలకు మేతను. ఇక మేత విషయంలో క్రియోయో జాతి స్వభావమే ఆయనకు కలిసివచ్చింది. దొరికిన గడ్డి ఏదైనా, ఎంత నాసిరకమైనా ఇవి తిని అరిగించుకోగలిగాయి.

చిఫెలీ పోటీ క్రీడాకారుడు కాదు. ఆధునిక ఎండ్యూరెన్స్ క్రీడ ఆయన యాత్ర నుండి నేరుగా పుట్టలేదు. 1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వెండెల్ రోబీ ఆరంభించిన 100 మైళ్ళ స్వారీ (ఇదే తరువాత టెవిస్ కప్‌గా ప్రసిద్ధి చెందింది) ఆ క్రీడకు నాంది అయింది. ఇందులో గుర్రాలను దారి మధ్యలో పలుమార్లు పశువైద్యులు పరీక్షిస్తారు. గుండె వేగం నిర్ణీత స్థాయికి తగ్గకపోయినా, గుర్రం కుంటుతున్నా పోటీ నుండి తప్పిస్తారు. ముందుగా గమ్యం చేరినా, గుర్రం ఆరోగ్యంగా లేకపోతే గెలుపు దక్కదు. చిఫెలీ ఒంటరిగా పాటించిన నియమం ఈ క్రీడలో శాసనంగా మారింది.

క్రియోయో పెంపకందారులు కూడా తమ గుర్రాలకు దీర్ఘదూర పరీక్షలు నిర్వహిస్తారు. వీటిలో ప్రసిద్ధమైన దానిలో గుర్రాలు సుమారు 15 రోజులలో 750 కిలోమీటర్లు నడవాలి. దాణా పెట్టరాదు, పచ్చిక మాత్రమే మేయాలి.

తరువాతి జీవితం

1928 చివరలో చిఫెలీ గుర్రాలతో సహా ఓడలో బ్యూనస్ ఎయిర్స్ తిరిగివచ్చాడు. యాత్రకు ముందు పరిహసించిన నగరమే ఆయనను వీరునిగా ఆదరించింది. గుర్రాలను అమ్ముకొని ఉంటే డబ్బు వచ్చేది. కాని చిఫెలీ వాటిని తిరిగి ఎల్ కార్డాల్‌కు చేర్చాడు. అక్కడ అవి మళ్ళీ పని చేయవలసిన అవసరం లేకుండా పచ్చిక బయళ్ళలో స్వేచ్ఛగా గడిపాయి.

తరువాత చిఫెలీ ఇంగ్లాండులో స్థిరపడి రచయితగా జీవించాడు. 1933లో వైలెట్ హ్యూమ్ అనే గాయనిని వివాహం చేసుకొన్నాడు. దక్షిణ అమెరికా గురించి, గుర్రాల గురించి ఎన్నో గ్రంథాలు రచించిన స్కాట్లాండు రచయిత, రాజకీయవేత్త ఆర్.బి. కన్నింగ్‌హామ్ గ్రాహం ఆయనకు సన్నిహిత మిత్రుడు. గ్రాహం ప్రోత్సాహం చిఫెలీ రచనలకు ఎంతో తోడ్పడింది. 1930లలో చిఫెలీ ఇంగ్లాండు గ్రామసీమలలో గుర్రంపై తిరిగాడు. ఆ తరువాత అర్జెంటీనా వెళ్ళి, పటగోనియా మీదుగా ఖండం దక్షిణ కొస వరకు కారులో ప్రయాణించాడు. ఆ సమయంలో తన పాత సహచరులైన మాంచా, గాటోలను మళ్ళీ చూశాడు.

1954 జనవరి 5న లండన్‌లో మరణించాడు. 1998లో ఆయన అస్థికలను ఎల్ కార్డాల్‌లో, గుర్రాలు చివరి రోజులు గడిపిన నేలలోనే ఉంచారు.

రచనలు

చిఫెలీ ఆంగ్లంలో రాశాడు. ఆయన ముఖ్య రచనలు:

- ఫ్రమ్ సదరన్ క్రాస్ టు పోల్ స్టార్ (1933) - యాత్రా గ్రంథం. తరువాత చిఫెలీస్ రైడ్ అనే పేరుతో ప్రసిద్ధి చెందింది.
- ద టేల్ ఆఫ్ టూ హార్సెస్ (1934) - అదే యాత్రను గుర్రాలే చెబుతున్నట్లుగా పిల్లల కోసం రాసినది.
- బ్రైడిల్ పాత్స్ (1936) - ఇంగ్లాండులో చేసిన అశ్వయాత్ర.
- డాన్ రొబెర్టో (1937) - కన్నింగ్‌హామ్ గ్రాహం జీవితచరిత్ర.
- దిస్ వే సౌత్‌వర్డ్ (1940) - పటగోనియా ప్రయాణం.
- బొహీమియా జంక్షన్ (1950) - ఆత్మకథాత్మక రచన.

విశేషాలు

- తిరుగు ప్రయాణానికి చిఫెలీ మొదట వెస్ట్రిస్ అనే ఓడలో వెళ్ళాలనుకొన్నాడు. నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ ఉపన్యాసానికి ఆహ్వానించడంతో ఆగిపోయాడు. ఆ ఓడ 1928 నవంబరు 12న మునిగిపోయి వందమందికి పైగా మరణించారు. యాత్రను గురించి ఆయన రాసిన వ్యాసం 1929 ఫిబ్రవరిలో ఆ సంస్థ పత్రికలో వెలువడింది.
- 1936లో కన్నింగ్‌హామ్ గ్రాహం బ్యూనస్ ఎయిర్స్‌లో మరణించినపుడు, ఆయన అంతిమయాత్రలో మాంచా, గాటోలను కూడా నడిపించారు.
- గాటో 1944లోనూ, మాంచా 1947లోనూ మరణించాయి. రెండూ ముప్పై ఏళ్ళకు పైగా జీవించాయి. మామూలుగా గుర్రాల ఆయుర్దాయం 25 - 30 సంవత్సరాలు. వాటి దేహాలను భద్రపరచి లుహాన్ పట్టణంలోని మ్యూజియంలో ప్రదర్శనకు ఉంచారు.
- చిఫెలీ స్ఫూర్తితో అర్జెంటీనా మహిళ ఆనా బేకర్ 1950 - 1954 మధ్య బ్యూనస్ ఎయిర్స్ నుండి కెనడా రాజధాని ఒటావా వరకు గుర్రాలపై ప్రయాణించింది.
- చిఫెలీ న్యూయార్క్ చేరిన సెప్టెంబరు 20వ తేదీని అర్జెంటీనా జాతీయ అశ్వ దినంగా 1999లో చట్టం ద్వారా ప్రకటించారు.